మద్యపాన రోగము – దానిని లిఖించిన చరిత్ర



మా కలకడ వైదుంబరాజుల నాటి సీమలోనిది. మదనపల్లె ప్రాంతమునను, నేడు వాల్మీకిపురమని పిలువబడు వాయల్పాడు ప్రాంతమునను పొలము గట్లమీద, గుడి ముంగిళ్లలో వీరగల్లులు కానవచ్చుచున్నవి. ఫలానావాడు ఫలానా పోరున పడెనని వానిపై చెక్కియుందురు. సుమారు తొమ్మిదవ శతాబ్దినాటి సోరెమడి యుద్ధమున మడిసిన వీరుల పేళ్లు మనకట్లే దక్కినవి. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో బాలురను వెంటబెట్టుకొనిపోయి, అట్టి శిల యొకదాని యొద్ద నిలిచి, "ఇది మన సీమలోని పాత మరణపత్రము. చచ్చినవాని పేరును, చావునకు కారణమును, రెండును ఇందున్నవి" అని చెప్పుచుండెడివాడను.

ఒకనాడొక బాలుడు నన్నిట్లడిగినాడు: "అయివోరూ, సారాయి తాగి సచ్చిపోయినోళ్లకు రాయి నాటరా?"

తక్కిన పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ బాలుని తండ్రి అంతకు రెండేండ్ల క్రిందటనే పోయినాడు. అతని చావుకాగితము వ్రాసినవాడను నేనే. అందు "జ్వరము" అని వ్రాసియుంటిని.

ఆ పిల్లవాని ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము. మద్యమువలన కలుగు మైకమును, రోగమును, మరణమును మనుష్యులు ఏ పేరున వ్రాయుచు వచ్చిరి, ఆ వ్రాతవలన ఎవరికి మేలు కలిగెను, ఎవరికి కీడు మూడెను అను సంగతి విన్నవించెదను.

మొదట మన శాస్త్రమును చూతము. త్రాగుడు దోషమని ధర్మశాస్త్రములు చెప్పినవి. అది రోగమని చెప్పినది వైద్యశాస్త్రము. చరకసంహిత చికిత్సాస్థానమున ఇరువదినాలుగవ అధ్యాయమునకు మదాత్యయ చికిత్స యని పేరు. మదము తలకెక్కుటలో మూడు దశలను అందు వేరుపరచి చెప్పిరి. పిమ్మట దోషభేదమునుబట్టి మదాత్యయమును విభజించిరి. అంతటితో విడువక, కొంతకాలము మద్యము మానియుండి మరల ఒక్కసారిగా మితిమీరి త్రాగినవానికి కలుగు వికారములను ధ్వంసకము, విక్షయము అని రెండు పేళ్లతో ప్రత్యేకించిరి. మానినవాడు మరల పట్టినచో వాని బాధ తొలి బాధవంటిది కాదని వారెరుగుదురు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున నలువదియేడవ అధ్యాయమున పానాత్యయము, పరమదము, పానాజీర్ణము, పానవిభ్రమము అని నాలుగు విధములు చెప్పబడినవి. మాధవకరుడు తన నిదానగ్రంథమున ఈ రోగములకు చోటిచ్చినాడు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దొకటి కలదు. ఆ వైద్యులు "వీడు త్రాగుబోతు" అని ఒక్కమాటతో ముగింపలేదు. ఏమి త్రాగెను, ఎంతకాలము త్రాగెను, మానెనా, మరల పట్టెనా, ఇప్పుడు వాని దేహమున కనబడు లక్షణము లేవి అని ప్రశ్నించిరి. నిందకు ఒక్క పేరు చాలును, చికిత్సకు మాత్రము పెక్కు పేళ్లు కావలెను. ఈ భేదమును మరువకుడు. నా ప్రసంగమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

ఇక పాశ్చాత్యుల సంగతి. ఇంగ్లీషు నౌకాదళమున వైద్యుడుగా నుండిన థామస్ ట్రాటర్ 1804లో త్రాగుడును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, అది రోగమని వాదించెను. 1813లో థామస్ సటన్ అను వైద్యుడు త్రాగుబోతులకు వచ్చు వణుకుతో కూడిన సన్నిపాతమునకు డెలీరియం ట్రెమెన్స్ అని పేరిడెను. నిత్యము త్రాగువాడు హఠాత్తుగా మానిన రెండు మూడు దినములకు కలుగు భయంకరమైన భ్రాంతి యిది. 1849లో స్వీడను దేశీయుడైన మాగ్నస్ హుస్ తన గ్రంథమున ఆల్కహాలిజము అను పదమును ప్రచారమునకు తెచ్చెను.

పేళ్లు పుట్టినవి. వానిని లెక్కలోనికి ఎక్కించుట ఎట్లు? ఇంగ్లండులో జనన మరణముల లెక్కలు కూర్చుచుండిన విలియం ఫార్ 1839 నాటి నివేదికలోనే ఈ చిక్కును చూపించెను. ఒకే రోగమును ఒక్కొక్క వైద్యు డొక్కొక్క పేరుతో వ్రాసినచో ఆ లెక్కలు దేనికిని పనికిరావని అతని మొర. 1893లో జాక్ బెర్తియోఁ అను ఫ్రెంచివాడు మరణకారణముల పట్టిక నొకదానిని కూర్చగా, 1900లో పారిసునందు పలుదేశములవారు చేరి దానిని సవరించిరి. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పట్టిక బాధ్యతను వహించి ఆరవ సవరణను వెలువరించెను. మరణములతోపాటు వ్యాధులును అందు చేరినవి. నేడు ఆసుపత్రి కాగితములపై కనబడు అక్షరములు, అంకెలు ఈ వంశమునందు పుట్టినవే.

ఆ కాలమున మన సీమలో జరిగినదేమి? మా వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు 1911 వరకు కడప జిల్లాలో నుండి, ఆ యేట చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినవి. చెన్నపట్టణపు ప్రభుత్వము 1899లో చేసిన చట్టము ప్రకారము పల్లెలలో జనన మరణములను వ్రాయు భారము గ్రామాధికారులమీద పడినది. మునసబు వైద్యుడు కాడు. మశూచి, కలరా, జ్వరములు, గ్రహణి, దెబ్బలు, ఇతరములు, ఇట్టి గడులు కొన్ని మాత్రమే ఆ లెక్కలలో నుండెడివి. వచ్చినవాడు చెప్పిన మాటయే ఆధారము. చావుకు ముందు ఒళ్లు వెచ్చబడనివా డెవడు? కావున పల్లెలలో మరణములన్నియు చాలవరకు "జ్వరము" గడిలో పడిపోయినవి. కల్లు దుకాణముపై ప్రభుత్వమునకు ఎంత రాబడి వచ్చెనో అణా పైసలతో లెక్క యుండెను. ఆ కల్లువలన, సారాయివలన ఎందరు పోయిరో చెప్పు గడి మాత్రము లేకపోయెను.

సరిగా వ్రాసినచో ఏమి జరుగునో చెప్పుటకు దూరము పోనక్కరలేదు. మదనపల్లె చెంతనే ఆరోగ్యవరమున క్షయరోగుల ఆసుపత్రి యుండెను. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా తొలుత వేయబడినది మదనపల్లెలోనే. తరువాత 1950 మొదలు ఆ చుట్టుపట్ల పల్లెలలో ఇల్లిల్లు తిరిగి, ఎవరికి క్షయ యున్నదో, ఎవరికి లేదో పరీక్షించి లిఖించిరి. ఆ వ్రాతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చుపడినవి. ఒకప్పుడు క్షయకూడ ఇంటిగుట్టే. సంబంధములు చెడునని దాచెడివారు. దానికి పేరు పెట్టి వ్రాసినపిమ్మటనే దానికి మందు ఇల్లిల్లు చేరినది. త్రాగుడు రోగమునకు అట్టి యదృష్టము పట్టలేదు.

మద్యనిషేధము వచ్చినది కదా యని మీరందురు. నిజమే. 1937 అక్టోబరు 1వ తేదీన రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో నిషేధమును ప్రారంభించి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. స్వాతంత్ర్యానంతరము 1948 నాటికి రాష్ట్రమంతట నది అమలునకు వచ్చినది. 1954లో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఈ నిషేధపు తగవులోనే పడిపోయినది. నిషేధము మంచిదా చెడ్డదా యను చర్చకు నేను పూనుకొనను. వ్రాతకు సంబంధించిన సంగతి నొక్కదానిని మాత్రము చెప్పెదను. త్రాగుట నేరమైనచోట రోగి వైద్యునితో నిజము చెప్పుటకు జంకును. త్రాగుట సిగ్గైనచోట ఇంటివారు జంకుదురు. రెండుచోట్లను కాగితమే అబద్ధమాడును.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును. 1986 ప్రాంతమున మా వీధిలో ఒక బండి తోలువాడుండెను. దినమును సారాయి పొట్లములు లేక గడవదు. కన్నులు పచ్చబడి, కడుపు కుండవలె ఉబ్బి, తుదకు నెత్తురు కక్కుకొని పోయినాడు. మరణ సమాచారము వ్రాసి పంపవలసివచ్చినప్పుడు, చదువుకొన్నవాడనని నాకు కబురు పెట్టిరి. కారణమను గడియొద్ద నా కలము ఆగినది. అతని భార్య చేతులు జోడించి యన్నది: "జరమని రాయండి సామీ. తాగి సచ్చినాడని రాస్తే రేపు నా బిడ్డకు పిల్లనెవురిస్తారు?"

నేను జ్వరమని వ్రాసితిని. దయచూపితిననుకొంటిని.

ఆపై ఆరేండ్లకు, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు సారాయి దుకాణమును మూయించిరన్న వార్త వచ్చినది. అక్షరదీపమను వయోజన విద్యాకార్యక్రమపు వాచకములో సీతమ్మ కథ యను పాఠమును చదివి వారు కదలిరని చెప్పుకొనిరి. ఒక వ్రాతకు ఎంత బలము కలదో చూడుడు. ఆ కదలిక మన జిల్లాకును ప్రాకినది. మా యూరి స్త్రీలు ఒక సాయంకాలము నా యరుగు మీదకు వచ్చి అర్జీ వ్రాయుమనిరి. అందొక ముసలమ్మ, "మనూళ్లో ఎంతమందిని మింగిందో ఆ లెక్క ఎయ్యండి అయివోరూ" అన్నది.

ఆ లెక్కకై నేను వెదకితిని. ఆ వీధిలో పదేండ్లలో సారాయికి బలియైనవారిని వ్రేళ్లపై లెక్కింపగలవాడను. కాగితములలోనో, జ్వరము, గుండెనొప్పి, పెద్దతనము. సారాయివలన చచ్చినవా డొక్కడును లేడు. అర్జీలో అంకె లేకుండ మాటలు మాత్రము వ్రాసితిని. ఆ గుంపులో బండివాని భార్యయు నుండెను. ఆమె తల వంచుకొని, "నేనే గదా జరమని రాయమంటిని" అన్నది. అడిగినది ఆమెయే కావచ్చును. వ్రాసిన చేయి నాది. 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో సడలినది. ఆ స్త్రీలు గెలిచిరి, కాని నా కాగితము సాయముతో మాత్రము కాదు.

ఇక రెండవ తప్పును వినుడు. మొదటిది ఉన్నదానిని వ్రాయకుండుట. రెండవది లేనిదానిని వ్రాయుట. ఇది మరింత ఘోరమైనది. మా పొరుగూరి కాపొకడు సంతనుండి తిరిగివచ్చుచు చెరువుకట్ట క్రింద పడియుండెను. నోట కల్లువాసన. ఒక ఆసుపత్రికి చేర్చిరి. కాగితముపై "త్రాగియున్నాడు" అని ఒక్కమాట వ్రాసి వరండాలో పరుండబెట్టిరి. మత్తు దిగిన లేచునని అందరును తలచిరి. తెల్లవారునప్పటికి ప్రాణము పోయినది. కపాలము లోపల నెత్తురు గడ్డకట్టినదని శవపరీక్షలో తేలినది. కల్లు త్రాగిన మాట నిజమే. చచ్చినది మాత్రము దానివలన కాదు. ఆ యొక్కమాట వైద్యుని కన్నులకు గంత కట్టినది. తల దెబ్బ, మధుమేహరోగికి రక్తమున చక్కెర పడిపోవుట, మూర్ఛ, ఇవన్నియు త్రాగినవానివలెనే తూలించును, తడబడ పలికించును.

ఈ రెండు తప్పులకును మందుగా నేటి పట్టిక యేమి చెప్పుచున్నదో చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పదవ సవరణ 1990లో ఆమోదింపబడినది. అందు మద్యమువలన కలుగు మానసిక వికారములకు ఎఫ్ 10 అను సంకేతము. బిందువు తరువాతి అంకె భేదమును చెప్పును. ఎఫ్ 10.0 అనగా అప్పటి మైకము మాత్రమే. ఎఫ్ 10.1 అనగా దేహమునకో మనస్సునకో హాని చేయు త్రాగుడు. ఎఫ్ 10.2 అనగా మద్యమునకు వశుడై విడువలేకుండుట. ఎఫ్ 10.3 మానినప్పటి బాధ. ఎఫ్ 10.4 ఆ బాధతో సన్నిపాతము కూడుట. పెండ్లిలో ఒకనాడు త్రాగి పడినవానికి మొదటిది చెల్లును. వానికి మూడవదానిని అంటగట్టినచో జన్మాంతము మచ్చ. నిత్యము త్రాగి, ఆసుపత్రిలో చేరి మానినందున వణకుచున్నవానికి మొదటిది వ్రాసినచో ప్రాణాపాయము, ఏలయన వానికి కావలసిన చికిత్స వేరు. చరకుడు వికారములను వేరుపరచిన బుద్ధియే ఇక్కడ అంకెల రూపమున కనబడుచున్నది.

కాలేయము చెడినచో దానికి కె 70 అని వేరు సంకేతము. మా బండివానికి చెల్లవలసిన దదియే. రక్తమున మద్యమెంత యున్నదో కొలిచినచో వై 90 క్రింద వ్రాయుదురు. నూరు మిల్లీలీటర్ల రక్తమున 20 మిల్లీగ్రాములకు తక్కువ మొదలుకొని 240కి పైబడినంతవరకు మెట్లు కలవు. కొలుచుటకు వీలులేనిచో, కంటికి కనబడిన మైకపు తీవ్రతనుబట్టి వై 91 క్రింద వ్రాయుదురు. కొలిచినది వేరు, చూచినది వేరు అని ఆ పట్టిక ఒప్పుకొన్నది. మోటారు వాహనముల చట్టములోని 185వ విభాగము నూరు మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటినచో బండి నడుపుట నేరమన్నది. అది న్యాయస్థానపు గీత. ఆ గీత దాటినవాడెల్ల రోగి కాడు, దాటనివాడెల్ల ఆరోగ్యవంతుడును కాడు. 2022 జనవరి 1 నుండి పదునొకండవ సవరణ అమలునకు వచ్చినది. అందు మద్యవికారములకు 6సి40 అను సంకేతమును, అప్పటి మైకమునకు 6సి40.3 అను సంకేతమును నిచ్చిరి. పదవదానిని ఇంకను వాడు దేశములు పెక్కు కలవు.

మద్యము పేరిట విషమును త్రాగినవాని సంగతి మరియొకటి. 2008 మే నెలలో మన కుప్పము సరిహద్దునానుకొనియున్న కోలారు, కృష్ణగిరి జిల్లాలలోను, బెంగుళూరు ప్రాంతమునను కల్తీసారాయికి నూటయేబదిమందికి పైగా బలియైరి. 2024 జూనులో తమిళనాట కళ్లకురిచ్చిలో అరువదిమందికి మించి పోయిరి. ఇట్టి చావులకు మూలము మిథనాలు అను విషము. అది మొదట మామూలు మైకమువలెనే కనబడును. కొన్ని గంటలకు చూపు మందగించును, ఊపిరి భారమగును, ప్రాణమే పోవును. దానికి టి 51.1 అను వేరు సంకేతము, వేరు చికిత్స కలవు. తొలిరోగి కాగితముపై "త్రాగియున్నాడు" అని వ్రాసి పంపివేసినచో, వెనుకవచ్చు నూరుగురకు హెచ్చరిక యుండదు. "చూపు పోవుచున్నదనుచున్నాడు" అని ఒక్క వాక్యము వ్రాసినచో ఊరంతయు మేలుకొనును.

1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము వైద్యుడు మరణకారణమును ధ్రువపరచు పత్రములో వరుసగా పంక్తులు కలవు. మొదటి పంక్తిలో తుదకు ప్రాణము తీసినది, దాని క్రింద దానికి కారణమైనది, ఆ క్రింద దానికిని మూలమైనది వ్రాయవలెను. "గుండె ఆగినది" అనుట కారణము కాదు. చచ్చిన ప్రతివాని గుండెయు ఆగును గదా! "నెత్తురు కక్కుట, దానికి మూలము కాలేయము గట్టిపడుట, దానికి మూలము మద్యము" అని మెట్టు మెట్టుగా దిగి వ్రాయవలెను. లెక్కకెక్కునది ఆ అడుగుపంక్తియే.

పెద్దలారా, మీలో పెక్కురు ఇరుగుపొరుగువారి కాగితములు వ్రాసిపెట్టువారు, ఆసుపత్రికి తోడు పోవువారు. మీకు నా మనవి యిది. రోగి త్రాగినాడా యని వైద్యుడడిగినచో దాచకుడు. ఏమి త్రాగెను, ఎప్పుడు త్రాగెను, ఎన్నాళ్లనుండి త్రాగుచున్నాడు, ఎప్పుడు మానెను, క్రింద పడెనా, తలకు తగిలెనా, చూపు తగ్గినదనెనా, ఇవన్నియు చెప్పుడు. కాగితముపై "త్రాగుబోతు" అన్న ఒక్కమాట కనబడినచో, "అయ్యా, తలకూడ చూడుడు" అని వినయముతో అడుగుడు. అడిగినందున మన గౌరవము తగ్గదు.

దాచుటకును ఒక కారణము కలదని యెరుగుదును. ప్రమాదబీమా పత్రములలో మత్తులో జరిగిన ప్రమాదమునకు సొమ్మీయమను షరతు తరచుగా నుండును. ఒక్క మాటతో విధవరాలి నోటికాడి కూడు పోవచ్చును. అందుకే చూచినదానిని, కొలిచినదానిని, ఊహించినదానిని వేరువేరుగా వ్రాయవలెననుట. "నోట మద్యపు వాసన యున్నది" అనుట చూచిన సంగతి. "మైకముననే పడెను" అనుట తీర్పు. మొదటిదానిని వ్రాయుటకు వైద్యునకు హక్కు కలదు. రెండవదానికి ఋజువు కావలెను. నిజమును పొల్లుపోకుండ వ్రాసిన వ్రాత త్రాగనివానిని కాపాడును, త్రాగినవానికి చికిత్స నిప్పించును. గుడ్డిదయతో నేను వ్రాసిన జ్వరము ఎవరిని కాపాడినది?

ఆ బాలుడిప్పుడు నలువదియేండ్లు దాటినవాడు. పిల్లనిచ్చువారు దొరకిరి, ఇల్లు నిలిచినది. సారాయి చుక్క ముట్టడు. మొన్న కనబడినప్పుడు నా తప్పును అతనితో చెప్పుకొంటిని. కొంతసేపు మాటాడలేదు. తరువాత, "మా నాయన దేనికి సచ్చినాడో మా ఊరందరికీ తెలుసు అయివోరూ. కాగితానికే తెల్లేదు" అన్నాడు.

వీరగల్లును చెక్కిన శిల్పి వేయియేండ్ల క్రిందట తాను విన్న కారణమును రాతిమీద నిలిపినాడు. కలము పట్టిన మనము కాగితముమీదనైనను ఆ పని చేయుదుము గాక.